మనిషికి ఒకే సీసా

సూర్యాపేట కాశీరాం గారి మీద నా ఫిర్యాదు ఒక్కటే. ఆయన తన గొప్పతనాన్నంతా తెచ్చి నా భార్య సైదమ్మ మందుసీసాలో పోశారు. మిగతా విషయాల్లో ఆయన మహానుభావుడు. ఆ సంగతి నలుగురికీ తెలియాలనే ఇది రాస్తున్నాను.

సంస్థానం ఇండియన్ యూనియన్‌లో కలిసిన వారానికే ఆయన నవాబుల కాలపు రూమీ టోపీ తీసేసి ఖద్దరు టోపీ పెట్టారు. తల మాత్రం పాతదే. ఆ త్యాగానికి మెచ్చి పైవాళ్ళు ఆయన్ని దవాఖాన కమిటీకి ప్రెసిడెంటును చేశారు. డాక్టరు సెలవు మీద వెళ్ళి తిరిగి రాలేదు గనక వైద్యం కూడా ఆయన భుజానే పడింది. మొదటి రోజే గుమ్మంలో కుర్చీ వేయించుకుని ప్రకటించారు:

"ఇయ్యాల్టి సంది ఈ దవాఖానల మందుల నడుమ కొట్లాట ఉండొద్దు!"

కొట్లాట ఉందని ఆయనకు చెప్పింది కాంపౌండరు యోహాను. ఆ ఏడు ఊరంతా చలిజ్వరం. రోగులు ఇంటి నుంచి సీసాలు తెచ్చుకునేవాళ్ళు. యోహాను క్వినైన్ ఒక సీసాలో, కడుపుమంటకు సోడా మందు ఇంకో సీసాలో పోసి, మోతాదులకు గాట్లు కత్తిరించిన కాగితం అంటించేవాడు.

"ఒక్క మనిషికి రెండు సీసాలేందయ్యా?" అన్నారు ప్రెసిడెంటు గారు.

"రెండూ కలవయయ్యా. కలిపితే పాలిరిగినట్టు క్వినైన్ ఇరిగి అడుక్కు దిగుతది. మొదటి మోతాదులల్ల మందుండదు, ఆఖరి దాంట్ల అంతా ఉంటది. చెవులు పోతయి, కండ్లు పోతయి."

"అంత పెద్ద సంస్థానమే కలిసె! నీ క్వినైన్ కలవనంటదా? దానెనక ఎవరున్నరు?"

"ఎవరూ లేరయ్యా. దాని గుణమే గంత."

"గుణం మార్చు. లేకుంటే నిన్ను కోదాడకు మారుస్త."

యోహానుకు నలుగురు పిల్లలు. కలిపాడు. సీసా బుస్సుమని పొంగింది.

"సూసినవా, ఎంత సంబురపడ్తున్నదో!" అన్నారు ప్రెసిడెంటు గారు.

"తాగేముందు సీసా బాగ ఊపమనన్న చెప్తనయ్యా."

"ఊపుడా? దేశం ఇప్పుడిప్పుడే సల్లవడుతుంటే ఊపుడేంది? వద్దు."

వారం తిరిగేసరికి సీసాల అడుగున తెల్లటి మడ్డి కనబడింది. జనం గొణిగారు. ప్రెసిడెంటు గారు రెండు రోజులు అన్నం మానేసి ఆలోచించి, దాన్నీ నివారించారు. ప్రతి సీసాకూ ఖద్దరు గుడ్డ చుట్టించారు. మడ్డి కనబడటం ఆ పూటే ఆగిపోయింది. నల్లగొండకు రిపోర్టు వెళ్ళింది: "మందుల కొట్లాటలు: నిల్."

మా సైదమ్మ ఐదు మోతాదులు తాగింది. జ్వరం దిగలేదు. ఆరోది, ఆఖరిది తాగింది. చెవుల్లో కందిరీగల తుట్టె లేచినట్టుందని నన్ను పట్టుకుని కూర్చుంది. సాయంత్రానికి నా మాట ఆమెకు వినబడలేదు. దవాఖానకు తీసుకుపోతే అక్కడ సభ జరుగుతోంది. మందు గుణం చూపడానికి ఆమెనే వేదిక ఎక్కించారు.

"జ్వరం తగ్గిందా సైదమ్మా?" అన్నారు ప్రెసిడెంటు గారు.

వినబడక నవ్వింది.

"మందు మంచిగున్నదా?"

తలూపింది. చప్పట్లు మోగాయి. నేనూ కొట్టాను, నా వెనక పోలీసు నిలబడి ఉన్నాడు.

మర్నాడు జ్వరం మళ్ళీ ఎక్కింది. మిర్యాలగూడలో ప్రైవేటు డాక్టరు ఉన్నాడన్నారు. బస్సుకూ ఫీజుకూ నా దగ్గర ఏమీ లేదు, నిడమనూరు చెరువు కింద మా నాయన ఇచ్చిన రెండెకరాల పదకొండు గుంటల పొలం తప్ప. కష్టంలో ఉన్నవాణ్ణి చూసి, దాన్ని కొనడానికి ప్రెసిడెంటు గారే ముందుకొచ్చారు. ధర కూడా నన్ను అడిగి ఇబ్బంది పెట్టకుండా ఆయనే చెప్పారు.

సంతకానికి వాళ్ళింటికి వెళ్ళాను. ఆయన గొంగడి కప్పుకుని వణుకుతున్నారు. చలిజ్వరమే. మంచం పక్కన స్టూలు మీద రెండు సీసాలున్నాయి. గుడ్డ లేదు, మడ్డి లేదు, నీళ్ళంత తేట. ఒకదాని మీద "పొద్దున", ఇంకోదాని మీద "సాయంత్రం" అని యోహాను చేతిరాత. యోహాను అక్కడే నిలబడి గోడకేసి చూస్తున్నాడు.

"రెండు సీసాలా అయ్యా?"

"ప్రెసిడెంటుకు పనెక్కువ గౌరయ్యా. ఒక్క సీసా సాలది."

"మా సైదమ్మకు గూడ గట్లనే ఇప్పియ్యరాదా?"

"రూలొప్పదు. పబ్లిక్‌కు ఒకటే సీసా."

పళ్ళు టకటక కొట్టుకుంటున్నా ఆయన నాకు కలం అందించారు. అంత జ్వరంలోనూ ప్రజల పని ఆపలేదు.

మిర్యాలగూడ డాక్టరు సైదమ్మకు రెండు సీసాలు ఇచ్చాడు. రెండెకరాల పదకొండు గుంటలు.