స్తంభం మీది గాజు బుడ్డి

ఆ ఆదివారం సులోచన కోపంగా నిద్ర లేచింది. ప్రత్యేకంగా కారణమేమీ లేదు, ఆమె రోజూ అలాగే లేస్తుంది. సూర్యాపేటలో ఫ్యాన్సీ దుకాణం నడుపుతూ, రిబ్బను ముక్కకు కూడా బేరమాడే జనంతో వేగాలంటే ఆ మాత్రం కోపం ఉండాల్సిందేనని ఆమె నమ్మకం.

ఆమెకున్నది ఒకే ఒక్క సరదా. పాతకాలపు స్తంభాల మీద తీగలు కట్టడానికి బిగించిన గాజు ఇన్సులేటర్లను పోగుచేయడం. బోర్లించిన గ్లాసంత ఉండే ఆ గాజు బుడ్లు ఇప్పుడు దాదాపు కనిపించవు, ఎక్కడ చూసినా పింగాణీవే. ఇంట్లో షోకేసు నిండా ఉన్నా, ఆకుపచ్చది మాత్రం ఆమెకు దొరకలేదు. అలాంటిది ఒకటి నిడమనూరు వైపు ఒక పల్లెలో, అచ్చమ్మ అనే రైతు పొలం గట్టున, తీగలన్నీ ఎప్పుడో పోయిన ఇనుప స్తంభం మీద మిగిలి ఉందని తెలిసింది. ఫోన్ చేస్తే అచ్చమ్మ, "తీస్కపో బిడ్డా, నేనేం జేసుకోను దాన్ని?" అనేసింది. పొద్దున్నే వెళ్లి, బుడ్డి దించుకుని, మధ్యాహ్నం అన్నానికి ఇల్లు చేరాలని సులోచన అనుకుంది.

"నిచ్చెన నువ్వెక్కకు. కింద నిలబడ్డా గిది పెట్టుకో, మీద ఏమన్న పడ్తది," అంటూ భర్త సత్యనారాయణ ఒక పసుపు హెల్మెట్ చేతికిచ్చాడు. ఇల్లు కట్టినప్పుడు మేస్త్రీ మరిచిపోయినది.

"నేనేమన్న సిన్నపిల్లనా?" అని కసిరి, దాన్ని పెట్టుకునే బయల్దేరింది.

మిర్యాలగూడలో బస్సు దిగి లింగ్యా అనే అతని ఆటో మాట్లాడుకుని, పైన అద్దెకు తీసుకున్న నిచ్చెన కట్టించింది. పొలం చేరగానే స్తంభానికి నాలుగు వైపులా ఫొటోలు తీసింది. నిచ్చెన అందుతుందో లేదోనని టేపు తీసి కొలవడం మొదలుపెట్టింది.

గట్టు మీద పోతున్న అంజన్న అనే రైతు ఆగి, "ఏం గొలుస్తున్నరు?" అని లింగ్యాను అడిగాడు.

లింగ్యాకు సంగతి తెలియదు. తెలియదని చెప్పడం నామోషీ. "మేడం స్తంభాల పని మీద ఒచ్చింది. పెద్ద పనే ఉన్నట్టుంది," అన్నాడు.

హైటెన్షన్ టవర్లు తమ పొలాల మీదుగా వస్తాయని ఊళ్లో అప్పటికే పుకారుంది. అంజన్న హెల్మెట్ చూశాడు, టేపు చూశాడు. రక్తం ఉడికిపోయింది. "ఏయ్! ఎవర్ని అడిగి కొలుస్తున్నవ్?"

ఆ 'ఏయ్' దగ్గరే అంతా చెడింది. మర్యాదగా అడిగి ఉంటే సులోచన తన షోకేసు సంగతంతా చెప్పేదే.

"ఏయ్ అంటవా? నేనెవరనుకున్నవ్? నాకు కావాల్సింది తీస్కపోకుంట ఎవడాపుతడో సూస్త!"

"భూములు మావి!"

"అయితేంది? అచ్చమ్మ ఎప్పుడో ఒప్పుకున్నది!"

అచ్చమ్మ టవర్‌కు భూమి రాసిచ్చిందన్న మాట ఊళ్లోకి పరుగెత్తింది. ఊరు పొలంలోకి పరుగెత్తింది. అందరికంటే వెనక రొప్పుతూ అచ్చమ్మ వచ్చింది. "నేనొప్పుకున్నది భూమికి గాదురా! బుడ్డికి!"

"బుడ్డి కోసం భూమిస్తవా? సిగ్గులేదా?" అని అంజన్న ఇంకా మండిపడ్డాడు.

ఎవరో ఆటో తాళం లాక్కున్నారు. ఇంకెవరో కరెంటు ఆఫీసు ఏఈకి ఫోన్ కొట్టారు. "మీ పెద్ద మేడంను గీడ పట్టుకున్నం. నువ్వొస్తెనే ఇడుస్తం."

ఆ పొలం పక్కనే ఒక కరెంటు స్తంభం ఒరిగిపోయి, తీగలు తలల ఎత్తున వేలాడుతున్నాయి. దాని గురించి రైతులు ఎన్నిసార్లు మొత్తుకున్నారో ఏఈకి తెలుసు. పైవాళ్లు చెప్పాపెట్టకుండా తనిఖీకి వచ్చారనుకుని బండి మీద వచ్చిపడ్డాడు.

"నమస్తే మేడం. ఒక్క మాట చెప్తె జీపు పంపుతుంటి గద!"

అప్పటికే సులోచన చాలాసేపటి నుంచి ఎండలో ఉంది. గొంతు తడారిపోయింది. హెల్మెట్ కింద తల మాడిపోతోంది. ఎవరి మీద విరుచుకుపడాలో తెలియక కొట్టుకుంటున్న కోపానికి మనిషి దొరికాడు. అతని వెనక ఆ తీగలూ కనిపించాయి.

"ఇవేం తీగలయ్యా? చెయ్యెత్తితె తగుల్తున్నయి! మనుషులు సస్తెగాని రావా?"

"స్తంభాలు స్టాకు లేవు మేడం..."

"స్టాకు లేకుంటె తెప్పించుకోవాలె! నేను తెప్పించుకుంటలేనా?"

ఆమె అన్నది రిబ్బన్ల గురించి. ఏఈకి ఆ సంగతి తెలియదు. వెంటనే స్టోర్‌కు ఫోన్ కొట్టాడు. ఆదివారమైనా, పొద్దు వాలకముందే ట్రాక్టర్ మీద కొత్త స్తంభం వచ్చింది. లైన్‌మెన్లు పాతేసి, తీగలు పైకి లాగి బిగించారు. అంజన్న తనే చెంబుతో నీళ్లు తెచ్చి, "తాగున్రి మేడం," అన్నాడు.

పని అయ్యాక ఏఈ చేతులు కట్టుకుని, "మేడం, తమరు ఏ ఆఫీసు?" అని అడిగాడు.

"ఆఫీసేంది? సూర్యాపేటల నాది ఫ్యాన్సీ దుకాణం."

ఏఈ కొత్త స్తంభం వంక చూశాడు. దాని చుట్టూ ఊరు ఊరంతా నిలబడి ఉంది. ముఖం కందగడ్డలా చేసుకుని బండి తన్నాడు.

లైన్‌మెన్లు వెళ్తూ వెళ్తూ ఇనుప స్తంభం మీది గాజు బుడ్డి కూడా విప్పి కిందికి దించారు. సాయంకాలపు ఎండలో అది లేత తమలపాకులా మెరిసింది. సులోచన ఆత్రంగా చెయ్యి చాచింది. అచ్చమ్మ దాన్ని అందుకుని కొంగులో మూట కట్టింది.

"ఫోన్ల ఇస్తనంటివి గద!"

"పొద్దుగాల గిది ఉత్త బుడ్డి. దీని కోసం ఊరంత నన్ను తిట్టె. నువ్వు గంత దూరం నుంచి ఒచ్చి ఎండల మాడితివి. గింత కత నడిచినంక ఇది ఉత్తది ఎట్లయితది? నేనియ్య."

సులోచన అరిచింది, బతిమాలింది, మళ్లీ అరిచింది. ఏఈని వణికించిన గొంతు అచ్చమ్మ ముందు పనిచేయలేదు. స్తంభం మార్పించినందుకు అంజన్న కప్పిన శాలువా తప్ప ఉత్త చేతుల్తో ఇల్లు చేరి, హెల్మెట్ మూలకు విసిరేసి పడుకుంది.

మర్నాడు దుకాణం తెరుస్తుండగా ఫోన్ మోగింది.

"సులోచన మేడం గారేనాండీ? కోదాడ దగ్గర నుంచి మాట్లాడుతున్నామండీ, అచ్చమ్మ గారు మీ నంబరిచ్చారండీ. మా పొలంలో కూడా ఒక స్తంభం ఒరిగిపోయిందండీ. మీరొకసారి వచ్చి అరిచి వెళ్తారేమోనని..."

సులోచన పళ్లు బిగపట్టి, "దాని మీద గాజుది ఉన్నదా?" అని అడిగింది.

"లేదండీ, పింగాణీవేనండీ."

"మరి నాకెందుకు ఫోన్ జేసిన్రు? పనీపాటా లేదనుకున్నరా? స్తంభాలు పడిపోతుంటె మీ ఆఫీసోల్లు ఏం పీకుతున్నరు?"

ఆమె అరుపు మొదలవగానే అవతలి మనిషి ఫోన్ స్పీకర్‌లో పెట్టి అక్కడి ఏఈ ముందు పట్టుకున్నాడట. కోదాడ స్తంభం ఆ మధ్యాహ్నమే మారింది.