రోజుకొక మెచ్చుకోలు

సోమవారం పొద్దున్నే లోసనా తన ఏడేళ్ల కూతురు వసితి తల దువ్వుతూ, టీచరమ్మ చెప్పిన ఉపాయం మరోసారి నూరిపోసింది. బళ్లో చేరి ఏడాదైనా వసితి ఎవరితోనూ పెదవి విప్పలేదు. మధ్యాహ్నం పిల్లలంతా మామిడిచెట్టు కింద చేరితే, ఇది మెట్ల పక్కన ఒంటరిగా చేమదుంప నములుతూ కూర్చుంటుంది. అది తలుచుకుంటే లోసనాకు ముద్ద దిగదు.

"రోజుకొకరిని మెచ్చుకుంటూ ఒక మాట, అంతే. ఇంట్లో మీరు గుర్తు చేయండి, బళ్లో నేను చూసుకుంటాను," అని టీచర్ కెలేరా ధైర్యం చెప్పింది. ఆమె సముద్రం అవతల సువా పట్నంలో పుట్టి పెరిగిన మనిషి. తవేయుని అనే మా దీవికి వచ్చి మూడు నెలలే అయింది.

ఆ రోజే వసితి ధైర్యం కూడగట్టుకుని పక్కింటి అవ్వతో, "మీ కోడి బాగుంది," అంది. సాయంత్రానికి ఆ కోడి వీళ్ల గుంజకు కట్టి ఉంది. మా దీవిలో ఎదుటివాళ్లు మెచ్చుకున్న వస్తువును తన దగ్గరే ఉంచుకున్నవాడికి పరువుండదు. ఆ సంగతి టీచరుకు తెలియదు. తెలిసిన లోసనాకేమో, కూతురు నోరు విప్పుతుందన్న ఆశలో తట్టనే లేదు.

మంగళవారం పాస్టరుగారి గొడుగు వచ్చింది. బుధవారం ఊరిపెద్ద పంది వచ్చింది. తిరిగిచ్చేస్తే అవమానం, ఊరుకుంటే అప్రతిష్ఠ. బదులుగా ఇంటింటికీ చేమదుంపల బుట్టలు మోసి వసితి తండ్రి సెమికి నడుము పట్టేసింది.

"తోటలో దుంపలైపోయాయే! రేపు చర్చి డోలు బాగుందంటే నా గతేంటి?"

"దాన్నేం అనకు. మూడు రోజుల్లో ముగ్గురితో మాట్లాడింది నా తల్లి," అంటూ లోసనా కళ్లు తుడుచుకుంది. తర్వాత కూతుర్ని దగ్గరకు తీసుకుంది. "వస్తువుల జోలికి పోకే బంగారం. మనుషుల్ని మెచ్చుకో."

గురువారం వసితి తన పక్కన కూర్చునే సెరాతో, "నువ్వు నవ్వితే బాగుంటావు," అంది.

సాయంత్రం సెరా తల్లి వచ్చింది. ఒక చేతిలో కూతురి చెయ్యి, ఇంకో చేతిలో దిండు.

"మా పిల్ల మీ పిల్లకి నచ్చిందట కదా వదినా! ఉంచుకోండి. నాకింకా ఐదుగురున్నారు."

"అయ్యో, పిల్లనిచ్చేయడమేంటి వదినా!"

"అవ్వ కోడిని పుచ్చుకున్నారుగా? మా పిల్ల కోడిపాటి చేయదా?"

లోసనా దిండు అందుకుంది.

మర్నాటికి పిల్లలిద్దరూ పందికి పేరు పెట్టారు, కోడికి గొడుగు పట్టారు. వసితి గలగలా మాట్లాడుతూనే ఉంది. "ఇన్ని మాటలు ఎక్కడ దాచిందే ఇది?" అని సెమి నడుము నొప్పి మరిచిపోయి వింటూ కూర్చున్నాడు.

శనివారం టీచరు సంగతి కనుక్కుందామని వచ్చింది. ఆమె చెప్పులు విప్పేలోపే వసితి పంది కథంతా చెప్పేసింది, సెరా వంత పాడింది. టీచరు పొంగిపోయింది.

"ఎంత ముచ్చటైన పిల్లలండీ ఇద్దరూ!"

సెమి భార్య వంక చూశాడు. లోసనా నిట్టూర్చి, లేచి, రెండు దిండ్లు చాపలో చుట్టడం మొదలుపెట్టింది.

"రేపు చర్చి దగ్గర కలుద్దాం టీచరమ్మా. ఈ ఒక్క రాత్రికైనా మా పరువు నిలబెట్టండి."

టీచరు తన ఇంటికి చేరేదాకా వద్దని చెప్పాలనే చూసింది గానీ, వసితి మాటల మధ్య ఆమెకు సందు దొరకలేదు.