గురువారాన్ని రద్దు చేసిన విశ్వవిద్యాలయం

విశ్వవిద్యాలయాలు చదువు చెప్పడానికి పుట్టాయని మీకెవరు చెప్పారు? ఎవరో మిమ్మల్ని నిలువునా మోసం చేశారు! చదువు చెప్పడానికి బడులున్నాయి, అమ్మమ్మలున్నారు, రైల్లో పక్క సీటువాళ్లున్నారు. సర్కారు సొమ్ముతో, నలభై వేలమంది విద్యార్థులతో, సగం ఊరిని ఆక్రమించుకున్న పెద్ద యూనివర్సిటీ పుట్టింది ఒక్కందుకే. పొద్దున్నే పేపర్లో పడటానికి!

మా నోర్‌హోల్మ్‌నే తీసుకోండి. స్వీడన్ పటంలో వేలు పెడితే మా ఊరు గోటి కింద దాక్కుంటుంది. కానీ మా యూనివర్సిటీ తుమ్మిందంటే రాజధానిలో నాలుగు పత్రికలు చీదుతాయి. ఇంతకన్నా భాగ్యమేం కావాలి? ఆ వార్తలే లేకపోతే ఈ దేశంలో మొగుడూ పెళ్లాలు కాఫీ తాగుతూ ఒకరి మొహం ఒకరు చూసుకోవాల్సి వచ్చేది. ఎన్ని కాపురాలు కూలేవో ఆలోచించండి!

కిందటేడు ఒక ఆచార్యుడు పాఠం మధ్యలో కిటికీలోంచి చూసి, ఈసారి చలికాలం కాస్త ఎక్కువే సుమా అన్నాడు. చలికాలాన్ని అవమానించాడని ఒక వర్గం లేచింది. కాదు, కాస్త అన్నాడు కాబట్టి చలికాలాన్ని వెనకేసుకొచ్చాడని రెండో వర్గం లేచింది. ఆరు వారాలు నడిచింది ఆ యుద్ధం. తీరా చూస్తే వేసవి వచ్చేసింది. మేమే గెలిచామని ఇద్దరూ ప్రకటించుకున్నారు.

ఆ తరవాత బాతులు. మా కొలనులో బాతులు ఎప్పుడూ ఎడమవైపే ఈదుతున్నాయని ఒక రిటైర్డు కల్నల్ పత్రికకు రాశాడు. ఆయన జన్మలో నోర్‌హోల్మ్ చూసినవాడు కాదు. చూడకుండానే ఇంత కనిపెట్టాడంటే, చూస్తే ఇంకెంత కనిపెట్టేవాడో! మంత్రిగారు పార్లమెంటులో నిలబడి, బాతులకు ప్రభుత్వం పూర్తి స్వేచ్ఛ ఇచ్చిందనీ, ఆ స్వేచ్ఛను అవి కుడివైపు కూడా వాడుకోవాలనీ సెలవిచ్చారు. మర్నాడు గాలి మళ్లింది. బాతులు కుడికి ఈదాయి. మంత్రిగారి పలుకుబడి ఆకాశాన్నంటింది!

మరి ఇన్ని ఘనకార్యాలకు జవాబులు చెప్పడానికి మనుషులు కావొద్దూ? మా యూనివర్సిటీ ప్రచార విభాగంలో ఒకప్పుడు ఇద్దరుండేవారు. అందులో ఒకామెది ఒంటిపూట ఉద్యోగం. ఇప్పుడు ముప్పైనాలుగుమంది. ముప్పైనాలుగుమందికి బల్లలు కావాలి, బల్లలకు గదులు కావాలి. గదుల కోసం వెతుక్కుంటూ వాళ్లు వృక్షశాస్త్ర భవనం నేలమాళిగ దాకా దిగారు.

అక్కడ గున్వోర్ ఉంది.

గున్వోర్ ముప్పైఒక్క ఏళ్లుగా బఠాణీల మనిషి. కుర్రతనంలో సైకిలు మీద ఊరూరూ తిరిగి, ముసలమ్మల కాఫీ డబ్బాల్లోంచి, పశువుల కొట్టం అటకల మీంచి, పాత మేజోళ్ల బొటనవేళ్లలోంచి బఠాణీ విత్తనాలు ఏరుకొచ్చింది. పాదిరిగారి ముడతలది, విధవరాలి నల్లది, తొందరమనిషి పొట్టిది... ఇలా నాలుగొందల పన్నెండు రకాలు. రకానికో డబ్బా. అవి ఇంకెక్కడా లేవు. ఆ చల్లగదిలో ఉంచాలి, కొన్నేళ్లకోసారి నాటి, కాయించి, మళ్లీ డబ్బాలో పోయాలి. మానేస్తే చచ్చిపోతాయి. అంతే కథ.

జనవరిలో ఆమెకు కాగితం వచ్చింది. ఏప్రిల్ నెలాఖరుకు చల్లగది యంత్రం ఆపేస్తారు, గది ప్రచార విభాగానికి ఇస్తారు, డబ్బాలను తగిన విధంగా వదిలించుకోగలరు అని. గున్వోర్ రెండుసార్లు చదివింది. తగిన విధమంటే ఏమిటో ముప్పైఒక్క ఏళ్ల చదువుకూ అంతుపట్టలేదు.

పేపర్లకు నాలుగు ఉత్తరాలు రాసింది. ఒక్కటీ అచ్చు కాలేదు. చివరికి ఒక సంపాదకుడికి ఫోన్ చేసి, నాలుగొందల పన్నెండు రకాల సంగతీ ఓపిగ్గా చెప్పుకొచ్చింది. అతను మర్యాదస్తుడు, మొత్తం విన్నాడు.

"చాలా బావుంది గున్వోర్ గారూ. కాకపోతే ఇందులో ఎవరికి కోపం రావాలి?"

"నాకు" అంది గున్వోర్.

"ఒక్కరికేనా?" అని అతను నిట్టూర్చి ఫోన్ పెట్టేశాడు.

చూశారా, ఎంత న్యాయమైన ప్రశ్నో! ఒక్క మనిషి కోపానికి కాగితం ఖర్చు చేస్తే అడవులు ఏమైపోవాలి?

అంతలో దేవుడు కరుణించి మార్చి నెలలో ఒక పెనం పాడుచేశాడు.

గురువారం అంటే బఠాణీ సూపు, దాని వెనక జాముతో అట్లు. ఈ దేశంలో రాజుగారి ఇంట్లోనైనా, సిపాయిల బారకాసులోనైనా, జైల్లోనైనా అంతే. మా యూనివర్సిటీ పెద్ద భోజనశాలలో ఇరవైరెండేళ్లుగా ఆ సూపు కాచేవాడు సిక్స్‌టెన్, వంటపెద్ద. అట్ల పెనం ఉండుండి చల్లబడిపోతోంది. బాగుచేసేవాడు గురువారమే వచ్చి, రోజంతా విప్పి పెట్టుకుంటానన్నాడు. సరే, ఈ ఒక్క వారానికి ఒకరోజు ముందే కానిచ్చేద్దామని సిక్స్‌టెన్ తలుపు మీద ఒక కాగితం అంటించాడు. "ఈ వారం గురువారం సూపు బుధవారమే."

అతను చేసిన తప్పల్లా ఒక్కటే. కారణం రాయలేదు. కారణం రాయని కాగితం పుట్టించినన్ని కారణాలు ఈ భూమ్మీద ఇంకేదీ పుట్టించలేదు!

సాయంత్రానికల్లా దేశమంతా అదే వార్త. గురువారాన్ని రద్దు చేసిన విశ్వవిద్యాలయం! తాతముత్తాతల గురువారాన్ని మేధావులు గొంతు పిసికి చంపేశారని కల్నల్ రాశాడు. అసలు ఒక వారాన్ని ఒక సూపుకు కట్టెయ్యడానికి మీరెవరని ఎదుటి వర్గం రాసింది. మర్నాడు వీసీగారి కిటికీ కింద రెండొందలమంది గరిటెలు పట్టుకుని నిలబడ్డారు. వాళ్లకెదురుగా నూటయాభైమంది ఫోర్కులు పట్టుకొచ్చారు. ఫోర్కుతో సూపు తాగలేమన్న సంగతి వాళ్లకూ తెలుసు. వాళ్ల వాదమే అది!

పెనం పాడైందని సిక్స్‌టెన్ నలుగురు విలేకరులకు చెప్పాడు. ఎవరూ రాయలేదు. ఐదో ఆమె మాత్రం లోతైన మనిషి.

"పెనం అంటే, మీ ఉద్దేశంలో ఏమిటండీ?"

"అట్లు పోసేదమ్మా."

"అంటే, కరిగిపోతున్న పాత విలువలా?"

"ఇనుము" అన్నాడు సిక్స్‌టెన్.

మొండిగా నోరు మెదపని వంటపెద్ద అని ఆమె రాసుకుంది.

వీసీ బిర్గర్ గారు పదకొండుమందితో గురువార పరిశీలన సంఘం వేశారు. నిష్పాక్షికంగా ఉండాలి కాబట్టి జన్మలో గరిటె పట్టనివాళ్లనే ఏరి మరీ వేశారు.

అప్పుడు టీవీవాళ్లకు ఎవరో గుర్తుచేశారు, ఆ యూనివర్సిటీలోనే బఠాణీలు తెలిసిన ఒకావిడ ఉందని. గున్వోర్‌ను పిలిచారు. నాలుగు నిమిషాలిస్తామన్నారు. నిమిషానికి నూటమూడు రకాలన్నమాట! ఆమె కోటు జేబులో గుప్పెడు గింజలు వేసుకుని, అద్దం ముందు మూడుసార్లు చెప్పుకుని చూసుకుని వెళ్లింది. ఎడంపక్క కల్నల్, కుడిపక్క ఫోర్కుల నాయకుడు. మధ్యలో మా గున్వోర్, దారి తప్పి వేరే పెళ్లికి వచ్చిన పురోహితుడిలా.

మీరు గురువారం పక్షమా, కాదా అని అడిగాడు యాంకర్.

"బఠాణీకి వారాలు తెలియవు బాబూ. మా దగ్గర నాలుగొందల పన్నెండు రకాలున్నాయి, ఏప్రిల్‌లో అవి..."

సమయం అయిపోయిందన్నాడు యాంకర్. మర్నాడు పేపర్లో వచ్చింది, గురువారాన్ని ఎగతాళి చేసిన పరిశోధకురాలు అని. కల్నల్ ఆమె రాజీనామా కోరాడు. ఫోర్కులవాళ్లు ఆమెకు పూలు పంపారు. డబ్బాల సంగతి ఎవరూ అడగలేదు.

తప్పు, ఒకరు అడిగారు. మూడో రోజున వీసీగారే స్వయంగా నేలమాళిగ మెట్లు దిగి వచ్చారు. మొహం పెళ్లికొడుకులా వెలిగిపోతోంది.

"గున్వోర్, నీ పనికి గుర్తింపొచ్చే రోజు వచ్చింది. ఏప్రిల్ రెండో గురువారం పెద్ద హాల్లో సయోధ్య విందు పెడుతున్నాం. నాలుగొందలమంది, ఏడు కెమెరాలు. సూపు మాత్రం అంగడి బఠాణీలతో కాదు, మన తాతల నాటి బఠాణీలతో."

గున్వోర్ చెయ్యి పక్కనున్న డబ్బా మూత మీద పడింది. "ఇవి విత్తనాలు బిర్గర్. వండితే మొలవవు."

"ఎలాగూ గది ఖాళీ చెయ్యాలి కదా. పారెయ్యడం కన్నా పదిమంది తినడం మేలు."

"తింటే మళ్లీ రావని చెబుతున్నాను."

"మొలవడం ఎజెండాలో లేదు" అన్నారు వీసీగారు, చాలా మృదువుగా. బుధవారం పొద్దుటికల్లా డబ్బాలు వంటశాలకు చేరాలని చెప్పి మెట్లెక్కారు.

గున్వోర్ నేరుగా సిక్స్‌టెన్ దగ్గరికి వెళ్లింది. అతను ఉల్లిపాయలు తరుగుతున్నాడు. ఆమె చెప్పిందంతా కత్తి ఆపకుండా విన్నాడు. తమ ఊళ్లో ఎంత కరువొచ్చినా తన తల్లి విత్తనపు సంచి ముట్టుకునేది కాదని చెప్పి, అప్పుడు కత్తి కింద పెట్టాడు.

"డబ్బాలు పంపు తల్లీ. లోపలివి పంపకు."

"కనిపెట్టరా?"

"ఆ సంఘం పదకొండుమందిలో పచ్చి బఠాణీకీ ఎండు బఠాణీకీ తేడా తెలిసినవాడిని చూపించు, నా టోపీ ఉడకబెట్టుకు తింటా."

ఆ మధ్యాహ్నమే టోకు అంగడి నుంచి రెండు బస్తాలు నేలమాళిగకు దిగాయి. గున్వోర్ అసలు గింజలను పేరు పేరునా కాగితపు కవర్లలోకి పోసింది. డబ్బాల్లో బస్తా బఠాణీలు నింపింది. విధవరాలి నల్లది అని రాసున్న డబ్బాలో పసుపు బఠాణీలు మిలమిలలాడుతుంటే, ముప్పైఒక్క ఏళ్లలో మొదటిసారి తప్పుడు చీటీ పెట్టానే అనుకుంది ఆమె. అయినా మూత పెట్టింది.

ఇప్పుడు చెప్పండి, యూనివర్సిటీ రచ్చకెక్కడం వరం కాదని! మామూలు రోజైతే ఆ కవర్లు బయటికెలా వెళ్లేవి? మెట్ల దగ్గర ఒక కాపలావాడు, నడవాలో ఒకడు, తాళాలకో గుమాస్తా, పైగా గది కొలతలు తీసుకుంటూ ప్రచార విభాగంవాళ్లు. కానీ ఆ గురువారం అందరూ పెద్ద హాల్లోనే! ముప్పైనాలుగుమందీ కెమెరాల వెనక! దేశం దేశమంతా ఒక గుండిగలోకి తొంగిచూస్తుంటే, గున్వోర్ మంచు మీద తోపుడుబండి వేసుకుని వెనక గుమ్మం నుంచి తొమ్మిదిసార్లు తిరిగింది.

మిగిలిన ఒకే ఒక్క కాపలావాడు ఐదో విడత అడ్డొచ్చాడు. అవేమిటమ్మా అని అడిగాడు.

"సూపు పనిమీద" అంది గున్వోర్.

అతను చటుక్కున టోపీ సర్దుకుని, రెండు తలుపులూ బార్లా తెరిచి, బండిని స్వయంగా గడప దాటించాడు. జాతీయ వ్యవహారం మరి!

వెనక గేటు అవతల, ఆమె కబురందుకున్న ఊరి తోటల సంఘం ముసలాళ్లు ముక్కులు తుడుచుకుంటూ నిలబడి ఉన్నారు. తలా నాలుగు రకాలు, ఐదు రకాలు. ఒకావిడ తన కవరు మీద పేరు చదువుకుని, ఇది మా మేనత్త డబ్బాలోదే అని గుర్తుపట్టి, గున్వోర్‌ను కసిరింది కూడా, ఇన్నాళ్లూ ఎక్కడ దాచావని.

హాల్లో మాత్రం మహాద్భుతం జరిగింది. వీసీగారు మొదటి చెంచా నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకున్నారు. కల్నల్ గడ్డం వణికింది, ఇదీ మా అవ్వ పొయ్యి మీది రుచి అన్నాడు. ఫోర్కుల నాయకుడు మొట్టమొదటిసారి చెంచా అందుకుని, ఇందులో సమానత్వం తగులుతోందన్నాడు. ఒక రుచుల విమర్శకుడైతే బిర్చి పొగ, రాతినేల, పూర్వీకుల ఓర్పు... మూడూ విడివిడిగా పట్టుకున్నాడు! బస్తా వెనక పన్నెండు గంటలు నానబెట్టవలెను అని మాత్రమే రాసి ఉంది. సిక్స్‌టెన్ తల వంచుకుని భుజాలు అదురుతుండగా నిలబడ్డాడు. పాపం ఎంత కదిలిపోయాడో అని కెమెరా అతని మీదికి దగ్గరగా వెళ్లింది.

మర్నాడు పేపర్లకు పదకొండు పేజీలు. దేశం ఒక్కటైంది. ఏప్రిల్ నెలాఖరుకు చల్లగది యంత్రం ఆగింది, బల్లలు దిగాయి. గున్వోర్ ఉద్యోగం ఆ యంత్రంతోనే ఆగింది. ఆ సంగతి ఎవరూ రాయలేదు. ఎందుకు రాస్తారు, ఎవరూ గరిటె ఎత్తలేదు కదా!

మే నెలలో మంచు కరిగింది. ముసలాళ్లు గింజలు నాటారు. జులైకల్లా తీగలు పాకాయి. ఏ కాయ కొయ్యాలి, ఏది విత్తనానికి వదలాలి, రెండు రకాలు పక్కపక్కన పెట్టొచ్చా అని ఒకరొకరే గున్వోర్‌ను అడగటం మొదలెట్టారు. మొదటివారం ముగ్గురు. మూడోవారానికి పద్నాలుగుమంది, చేతుల్లో నోటుపుస్తకాలు. ఆమె బోర్లించిన బకెట్టు మీద కూచుని చెబుతుంది, వాళ్లు గడ్డిలో కూచుని రాసుకుంటారు.

మొన్న ఒక పెద్దాయన చెయ్యెత్తి, ఈ నల్లది ఎండపొడకు ఎర్రగా పూస్తోంది, ఇన్నేళ్లూ మీరు నాటినప్పుడు ఇలా ఎందుకు పూయలేదు అని అడిగాడు.

గున్వోర్ కళ్లద్దాలు తీసి ఆ పువ్వు వంక చాలాసేపు చూసింది.

"తెలియదు. వచ్చే ఏడు నీడలో కూడా వేసి చూద్దాం" అంది.

తెలియదట! మా యూనివర్సిటీలో ఏ బల్ల మీదినుంచీ ఆ మాట విని ఎన్నేళ్లయిందో! అందుకే అయ్యా, ఆ తోట ఏ వీధిలో ఉందో నేను మాత్రం చచ్చినా చెప్పను.