బెల్టు మారింది

ఆ రోజు పొద్దున నవనీత వేసుకున్న పథకం చాలా సాదాది. మహిళా సంఘం ఆడవాళ్లంతా ఆటోలెక్కుతారు. సంఘం అధ్యక్షురాలిగా తను స్కూటీకి జెండా కట్టుకుని ముందు నడుస్తుంది. మండల ఆఫీసులో దరఖాస్తు ఇచ్చి, ఊళ్లో బెల్టు మూయించమని అడిగి, మధ్యాహ్నానికి ఇంటికొచ్చి అన్నం తింటుంది. బెల్టంటే నడుముకు పెట్టుకునేది కాదు. వైన్‌షాపు లేని ఊళ్లో కిరాణా కొట్టు వెనక తలుపులోంచి మందు సీసాలమ్మే చోటును ఇక్కడ పిల్లల నుంచి ముసలాళ్ల దాకా బెల్టు అనే అంటారు. ఈ ఊళ్లో దాన్ని నడిపేది సాంబయ్య. ఎవరు సోదాకొచ్చినా అతని కొట్లో ఉప్పూ పప్పూ తప్ప ఇంకేమీ దొరికేది కాదు.

పథకంలో లోపమల్లా స్కూటీయే. యాక్సిలరేటర్ తిప్పితే కాసేపు ఉన్నచోటే గుర్రుమంటుంది, తర్వాత ఉన్నట్టుండి ముందుకు దూకుతుంది. కిందటి వారం అలా దూకినప్పుడు, వెనక కూర్చున్న ఉపాధ్యక్షురాలు సక్కుబాయి పత్తి చేను పక్క బురదలో దిగబడింది. స్కూటీ మాత్రం నవనీతను తీసుకుని వెళ్లిపోయింది. ఊరేగింపులో కూడా అదే జరిగితే సాంబయ్యకు పండగే. అందుకని నవనీత భర్త సంపత్ పొద్దున్నే క్లచ్చు చూపించుకొస్తానని చెప్పి, బండిని మెకానిక్ భూమన్న షెడ్డుకు తీసుకుపోయాడు.

సంపత్ ఆదిలాబాద్‌లో పత్తి జిన్నింగు మిల్లులో పని చేస్తాడు. ఒకప్పుడు సాంబయ్యకు అతనంత నమ్మకమైన గిరాకీ ఇంకొకడు లేడు. పోయిన దీపావళి నుంచి పూర్తిగా మానేశాడు. ఆ ధైర్యంతోనే నవనీత సంఘం మీటింగులో అందరి ముందూ మాటిచ్చింది. తన మొగుడు మళ్లీ తాగినట్టు తెలిస్తే ఆ రోజే అధ్యక్ష పదవి నుంచి దిగిపోతానంది.

షెడ్డులో భూమన్న బండి పక్క మూత విప్పి చూశాడు. లోపల పుల్లీల మీద తిరిగే రబ్బరు బెల్టు అరిగి సన్నబడింది. పుల్లీ రెండు పళ్లేల మధ్య ఖాళీ ఎక్కువై, బెల్టు కాసేపు జారి, ఆపైన ఒక్క ఊపున పైకెక్కుతోంది. కొత్త బెల్టు వేసి, పల్చటి వాషర్లు పెట్టి ఆ ఖాళీ సరిచెయ్యాలి. అదీ ఒక్కసారితో కుదరదు, వేసి చూసి, తీసి, మళ్లీ వెయ్యాలి. సంపత్‌కు ఇందులో సగమే అర్థమైంది గానీ ఆలస్యమవుతుందని మాత్రం బాగా అర్థమైంది. ఇంటికి ఫోన్ చేశాడు.

నవనీత వాకిట్లో బ్యానరు రాస్తోంది. చేతులనిండా రంగు. అందుకని సక్కుబాయి ఫోనెత్తి, అందరికీ వినపడేలా స్పీకరు పెట్టింది.

"బెల్టు కాడ ఉన్న. జర లేటయితది," అన్నాడు సంపత్.

వాకిట్లో ఉన్న ఆడవాళ్లంతా ఫోను చుట్టూ మూగారు.

"ఏసినవా మరిదీ?" అని మెల్లగా అడిగింది సక్కుబాయి.

"ఒకటి ఏసి చూసినం వదినా. ఒక్కసారే ఎక్కుతుంది. మెల్లమెల్లగ ఎక్కాలె గద. గందుకే జర గ్యాప్ ఇచ్చి మళ్ల ఏస్తుండు భూమన్న."

"భూమన్న గూడనా?"

"ఆయన పొద్దటిసంది గదే పనిల ఉన్నడు. సక్కగ ఎక్కిందంటే నేనే నడుపుకుంట వస్త, ఫికర్ చెయ్యకుండ్రి."

అవతల ఏదో గుర్రుమంది. ఫోను కట్టయింది.

నవనీత బ్యానరు మీద 'బెల్టు' దాకా రాసింది, 'బంద్' మిగిలిపోయింది. ఆమెకు సిగ్గు కన్నా ముందు ఏడుపొచ్చింది. క్లచ్చు అని చెప్పి పోయినవాడు బెల్టు కాడ ఎందుకున్నాడో ఎటు తిప్పి ఆలోచించినా అర్థం కాలేదు. రెండుసార్లు తిరిగి ఫోన్ చేస్తే ఎత్తలేదు. కుంచె పక్కన పెట్టి లేచింది.

"మండలానికి తర్వాత పోదం. ముందుగాల బెల్టుకు పోదం. తాగినట్టు తేలితే ఇయ్యాల్నే దిగిపోత," అంది.

చీపుర్లూ నినాదాలూ కలిసి సందు మలుపు తిరుగుతుంటేనే సాంబయ్యకు వినపడింది. అట్టపెట్టె భుజాన వేసుకుని వెనక తలుపు దాటి, ఎదురుగా ఉన్న భూమన్న షెడ్డులో దూరాడు. సంపత్ అప్పుడే బండిని రోడ్డు మీద నడిపి చూడ్డానికి పోయాడు. భూమన్న తల వంచుకుని పాత సామాను కడుగుతున్నాడు. ఉప్పు పాకెట్లు జర చూస్కో అని ఒక గొంతు వినపడితే, తలెత్తకుండానే సరేనన్నాడు. సాంబయ్య పెట్టెను బల్ల పక్కన పెట్టి, గోనెసంచి కప్పి, మళ్లీ కొట్లోకి వచ్చి అగరొత్తి వెలిగించుకున్నాడు.

సంపత్ ఏడని ఆడవాళ్లు నిలదీస్తే, "నాకాడికి రాలే అక్కా. పొద్దటిసంది భూమన్న షెడ్డుల ఉన్నడు," అన్నాడు. ఏళ్ల తరబడి అబద్ధాలు చెప్పినవాడికి భయంలో నిజం నోరు జారింది. షెడ్డులో ఇంకేముందో గుర్తొచ్చేసరికి జనం అటు తిరిగిపోయారు.

షెడ్డులో సంపత్ అప్పుడే బండి దిగాడు. రోడ్డు దుమ్ముకు కళ్లు ఎర్రబడి ఉన్నాయి. ఆ కళ్లు చూసి నవనీతకు మిగిలిన ఆశ కూడా పోయింది.

"బెల్టు కాడ ఉన్న అంటివి గద. బెల్టేది?" అంది.

సంపత్ అయోమయంగా అరిగిపోయిన రబ్బరు ముక్క ఎత్తి చూపించాడు. "గిదే."

"గిదేంది?"

"బెల్టు. నీ స్కూటీ బెల్టు."

ఆడవాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. కొందరు చీపుర్లు వెనక్కి దాచుకున్నారు. సక్కుబాయి బల్ల పక్కన గోనెసంచి కనపడితే దాని మీద కూలబడింది. కింద సీసాలు గలగలమన్నాయి.

సంచి లాగితే పెట్టె, పెట్టె విప్పితే మందు. నవనీత మొగుడి వంక చూసింది. తనకేమీ తెలియదని సంపత్, ఉప్పని చెబితే నమ్మానని భూమన్న, ఎవరు చెప్పారంటే తలెత్తి చూడలేదని మళ్లీ భూమన్న. ఎవరి మాటా ఎవరికీ ఎక్కలేదు. సక్కుబాయి ఒక సీసా మెడ పట్టుకుని, బండకేసి కొట్టడానికి ఎత్తింది.

"పగలగొట్టకు అక్కా, అవి నాయి," అని గుమ్మంలోంచి వినపడింది.

సాంబయ్య తన మాట తనే విని, నోటి మీద చెయ్యి పెట్టుకున్నాడు. ఏ సోదాకూ దొరకని సరుకు అతనే మోసుకొచ్చి, అతనే ఒప్పుకున్నాడు. ఎక్సైజువాళ్లొచ్చి అతన్ని తీసుకుపోయేదాకా సక్కుబాయి పెట్టె మీంచి లేవలేదు.

అంతా అయ్యాక సంపత్ అడిగాడు. "నువ్వు గూడ నమ్మినవా?"

"నమ్మలే అంటే అబద్ధమైతది," అంది నవనీత. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. కొంగుతో అతని మొహం మీది మసి తుడిచింది. "ఇగ మీదట దాన్ని రబ్బరు పట్టా అను."

మండలానికి పోయే పని లేకపోయింది. స్కూటీ మీద నవనీత వెనక సక్కుబాయి భయంభయంగా కూర్చుంది. బండి ఎప్పుడు కదిలిందో ఆమెకు తెలియనే లేదు.

సాయంత్రానికి, బెల్టు భూమన్న షెడ్డులో మారిందని ఊరంతా పాకింది. మర్నాడు పొద్దున భూమన్న వచ్చేసరికి షెడ్డు ముందు పదిమంది దాకా నిలబడి ఉన్నారు. ఒక్కరి దగ్గరా బండి లేదు.