హ్యావ్ కాదు, హ్యాజ్

ఆ రోజు ఉదయం టపా గుమస్తా గారు వేసుకున్న పథకం చాలా చిన్నది. పదకొండింటికల్లా ఆఫీసు పని తెమల్చాలి, సగం రోజు సెలవు చీటీ మీద మేనేజరు చేత సంతకం పెట్టించుకోవాలి, రెండింటికి పరీక్ష హాల్లో కూర్చోవాలి. ఇరవై ఏళ్ళుగా కవర్లు అంటిస్తున్న ఆవిడకు అసిస్టెంటు మేనేజరు కావడానికి ఇది మూడో ప్రయత్నం, ఆఖరిది కూడా. నాలుగోసారి రాయనివ్వరు. పోయిన రెండుసార్లూ ఆవిడను ముంచింది ఒక్కటే, ఇంగ్లీషు వాక్యాల్లో తప్పులు పట్టే ప్రశ్నలు.

"నువ్వు వాక్యం చదివి అందులో మనుషుల గురించి బెంగ పెట్టుకుంటావమ్మా. పోయినసారి ఎవరో ముసలాయనకు రైలు తప్పిపోయిందని పది నిమిషాలు బాధపడ్డావు," అంది కాలేజీలో చదివే కూతురు. "అర్థం జోలికి వెళ్ళకు. తప్పెక్కడుందో పట్టు, చాలు."

"సరేలేవే, ఈసారి ఎవరు ఏమైపోయినా నాకేం పట్టదు," అని మాటిచ్చి ఆవిడ బయల్దేరింది.

ఆఫీసుకు వెళ్ళగానే సాధన కోసం అలాంటి తప్పుల వాక్యాలు పది కంప్యూటర్లో కొట్టి, పేజీకొకటి చొప్పున ప్రింటు తీసుకుంది. ఆ కంప్యూటరులో ఏం కొట్టినా పైన ఆఫీసు పేరు దానంతటదే పడుతుంది. తొమ్మిది కాగితాలు చేతికొచ్చాయి. ఏడో వాక్యం ప్రింటరులో ఇరుక్కుపోయింది. ఇరుక్కున్న కాగితాన్ని బయటికి లాగడం, లాగినదాన్ని నోటీసు బోర్డుకు గుచ్చడం అటెండరు డ్యూటీ. అతను డ్యూటీ ఎగ్గొట్టే మనిషి కాదు.

మేనేజరూ, ఆయనతోపాటు ఇద్దరు గుమస్తాలూ బదిలీ అయ్యారని ఆ కాగితం సారాంశం. ఆవిడ కాక ఆ ఆఫీసులో ఉన్న గుమస్తాలు సరిగ్గా ఇద్దరే. ఇద్దరికీ పై ప్రాణాలు పైనే పోయాయి. వాళ్ళలో చిన్నది పరుగున ఆవిడ బల్ల దగ్గరికొచ్చింది.

"అక్కా, ది మేనేజర్, అలాంగ్ విత్ టూ క్లర్క్స్, హ్యావ్ బీన్ ట్రాన్స్‌ఫర్డ్ అట! నిజమేనా?"

ఆవిడ తలెత్తలేదు. పరీక్ష తలకెక్కి ఉంది. "తప్పు. హ్యావ్ కాదు, హ్యాజ్."

"అంటే?"

"వెంట ఎంతమంది ఉన్నా లెక్కలోకి రారు. మేనేజర్ ఒక్కరే లెక్క."

గుమస్తాలిద్దరూ ఎగిరి గంతేశారు. ఆ సంతోషంలో మేనేజరుకు వీడ్కోలుగా పూలగుత్తి కూడా తెప్పించారు.

మేనేజరు భార్యకు వేరే ఊళ్ళో ఉద్యోగం. అక్కడికి బదిలీ చేయండని ఆయన ఐదేళ్ళలో తొమ్మిది అర్జీలు పెట్టుకున్నాడు. పూలగుత్తి చంకన పెట్టుకుని, బోర్డు ముందు నిలబడి, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివాడు.

"ఎక్కడికో రాయలేదేమిటయ్యా?"

"ఇంకెక్కడికి సార్, మీరడిగిన ఊరికే!" అన్నాడు అటెండరు. మేనేజరు అతన్ని వాటేసుకున్నాడు.

టపా పని ఎప్పటిలాగే సాగి సాగి, ఆవిడ సెలవు చీటీ పట్టుకుని మేనేజరు గదిలోకి వెళ్ళేసరికి పన్నెండయింది. ఆయన సొరుగులు ఖాళీ చేస్తున్నాడు.

"సంతకమా? నాదిక్కడ ఇక చెల్లదండీ. బదిలీ అయిపోయినవాణ్ణి," అని బోర్డు మీంచి పీక్కొచ్చిన కాగితం చూపించాడు.

ఆవిడ ఆ కాగితాన్ని గుర్తుపట్టింది. "సార్, అది ఏడో ప్రశ్న!"

"ప్రశ్నలేం వద్దండీ. ఆర్డరంటే ఆర్డరే," అంటూ ఆయన కృతజ్ఞతలు చెప్పుకోవడానికి హెడ్డాఫీసుకు ఫోను కలిపాడు.

ఆవిడ కళ్ళు గట్టిగా మూసుకుంది. బండారం బయటపడబోతోంది. పరీక్ష మాట దేవుడెరుగు, ఉన్న ఉద్యోగానికే ఎసరు.

అవతల ఉన్న అధికారికి ఈ బదిలీ సంగతి ఏమీ తెలియదు. తెలియదని ఒప్పుకునే అలవాటు అంతకన్నా లేదు. పైవాళ్ళు తనకు చెప్పకుండా కానిచ్చేశారనుకున్నాడు. "అవునవును, అభినందనలు! మీరు కోరుకున్న చోటే కదా?" అని నవ్వి ఫోను పెట్టేశాడు. తీరా చూస్తే ఫైల్లో కాపీ లేదు. ఎవరైనా అడిగితే పరువు పోతుందని అప్పటికప్పుడు ఒక ఆర్డరు టైపు చేయించి, చదవకుండా సంతకాలు పెట్టే పై అధికారి చేత సంతకం కూడా చేయించి, ఈమెయిల్లో పంపేశాడు.

ఒంటిగంటకు వచ్చిన ఆ ఆర్డరులో మేనేజరు కోరిన ఊరు ఉంది. తదుపరి ఉత్తర్వులు వచ్చేదాకా మేనేజరు బాధ్యతలు అందరికన్నా సీనియరైన గుమస్తా చూడాలని కూడా ఉంది. ఆ సంస్థలో తదుపరి ఉత్తర్వులు ఏడెనిమిదేళ్ళకు గానీ రావు.

"రండి మేడం, కూర్చోండి," అంటూ పాత మేనేజరు తన కుర్చీ దుమ్ము తానే దులిపాడు. గుమస్తాలు రెండో పూలగుత్తికి మనిషిని పంపారు. ఆవిడకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. కుర్చీలో కూర్చుని ముందు ఇంటికి ఫోను చేసింది.

"ఒసే, అసిస్టెంటు కాదే, ఏకంగా మేనేజరునే అయిపోయాను!"

"అదేంటమ్మా, పరీక్ష ఇంకా మొదలే కాలేదు కదా?" అంది కూతురు.

ఇంతలో అటెండరు మొదటి ఫైలు తెచ్చి ముందుంచాడు. అందులో ఒకే ఒక్క కాగితం ఉంది, ఆవిడ సెలవు చీటీ. ఆవిడ దాన్ని శ్రద్ధగా రెండుసార్లు చదివి, పని ఒత్తిడి దృష్ట్యా సెలవు మంజూరు చేయలేమని రాసి సంతకం పెట్టింది.