రేకు నీడలో నాలుగు స్కూటర్లు

వికలాంగుల బండ్ల కోసం ప్రత్యేకంగా చోటు కేటాయించడం కన్నా ఈ దేశానికి చేయగల మేలు మరొకటి లేదని నా దృఢమైన అభిప్రాయం. నవ్వకండి! దానివల్ల లాభపడేది వికలాంగులని మీరు పొరబడుతున్నారు. లాభపడింది మేం.

1981ని వికలాంగుల సంవత్సరం అన్నారు కదా! ప్రపంచమంతా ఏదో ఒకటి చేస్తుంటే విశాఖపట్నంలో మా ఆఫీసు చేతులు ముడుచుకు కూర్చుంటుందా? మెట్ల పక్కన, గోడ వారగా, పసుపు రంగు గీతలు గీయించారు. పైన సిమెంటు రేకు వేయించారు. ‘వికలాంగుల వాహనములకు మాత్రమే’ అని బోర్డు పెట్టించారు. కొబ్బరికాయ కొట్టి మిఠాయి పంచారు. నేను రెండు తిన్నాను.

మా ఆఫీసులో వికలాంగుడు ఒక్కడే. పేరు జ్ఞానదాసు, తపాలా సెక్షన్లో టెంపరరీ గుమాస్తా. వయసులో ఉండగా రేవులో మూటలు దించుతూ కుడికాలు మోకాలి కింద నుంచి పోగొట్టుకున్నాడు. చంకకర్రలు వెనక కట్టుకుని, చేత్తో తిప్పే మూడు చక్రాల బండి మీద కంచరపాలెం నుంచి వస్తాడు.

సరిగ్గా ఆ నెలలోనే మా హెడ్ క్లర్కు గురునాథరావు గారికి స్కూటరు వచ్చింది. బుక్ చేసిన ఏడేళ్లకి! లేత నీలం రంగు. మా కాంపౌండులో మరో నీడ లేదు. పైగా రేవు గాలికి ఎర్ర దుమ్ము. ఏడేళ్లు ఎదురుచూసిన బండిని ఆ ఎండలో, ఆ దుమ్ములో వదిలేయడానికి ఆయనేమన్నా రాతి గుండె మనిషా?

మొదటి రోజు స్కూటర్ని పసుపు గీతల్లోకి తోస్తుంటే ఆయన మనసు పీకింది. ఆయన మంచివాడు, పీకకుండా ఎలా ఉంటుంది? ఆ క్షణంలోనే దైవికంగా ఎడమ మోకాలు కలుక్కుమంది. ఆయన బోర్డు మరోసారి చదువుకున్నారు. మోకాలు నిమురుకున్నారు. నిశ్చింతగా స్టాండు వేశారు.

మర్నాటికి జగ్గారావుకి నడుం నొప్పి బయటపడింది. వారం తిరక్కుండా ఇంకొకాయనకి బీపీ తేలింది. ఏ జబ్బూ దొరక్క మొహమాటపడుతూనే నాలుగో ఆయన కూడా తన స్కూటరు ఇరికించాడు. ఏ ఆస్పత్రీ కనిపెట్టలేని రోగాలు డబ్బాడు పసుపు రంగు కనిపెట్టింది! ఇది వైద్యశాస్త్ర విజయం కాదూ?

అంతేనా? పదకొండు లోపు మొహం చూపించని ఈ నలుగురూ నీడ దక్కదేమోనన్న భయంతో పావుతక్కువ పదికే దిగడం మొదలుపెట్టారు. ఏ సర్క్యులరు తేగలిగింది ఇంత సమయపాలన?

జ్ఞానదాసు సంగతి అంటారా? అతను తొమ్మిదికే ఇల్లు కదులుతాడు. కానీ దారిలో రైల్వే గేటు ఉంది. ఖనిజం వేసుకుని గూడ్సు బండి వచ్చిందంటే వ్యాగన్లు లెక్కపెట్టుకుంటూ కూర్చోవాల్సిందే. పదీ ఇరవై అయిదుకి ఆఫీసు చేరేసరికి రేకు కింద నాలుగు స్కూటర్లు తీరిగ్గా చల్లబడుతుంటాయి. మెట్ల ముందు మరెక్కడా బండి ఆపకూడదని రూలు కనక వెనకవైపు సైకిల్ స్టాండులో పెట్టి, రెండు వందల గజాల కంకర మీద చంకకర్రలతో రావాలి. కంకరలో కర్ర దిగబడుతుంది. పీక్కుని, మళ్లీ వేసుకుని, మెట్లెక్కేసరికి పది నలభై దాటిపోతుంది.

పది నలభైకి హాజరు రిజిస్టరు గురునాథరావు గారి బల్ల మీదికి వెళ్లిపోతుంది. ఆ తర్వాత వచ్చినవాడి గడిలో ఎర్ర సిరా గుర్తు. మూడు గుర్తులకి ఒక క్యాజువల్ లీవు హుళక్కి. టెంపరరీ వాడికి వేరే సెలవు లేదు. సెలవు లేకుండా మానేస్తే సర్వీసు తెగుతుంది.

డిసెంబరు రెండో వారంలో విజయనగరంలో కృత్రిమ కాళ్ల శిబిరం పెట్టారు. మూడు రోజులు. మొదటిరోజు కొలత, రెండోరోజు బిగింపు, మూడోరోజు నడిపించి చూసి కాలు చేతికిస్తారు. నెల మొదటికి జ్ఞానదాసు దగ్గర మిగిలినవి సరిగ్గా మూడు సెలవులు, రెండు ఎర్ర గుర్తులు. మరో గుర్తు పడితే కాలు పోయినట్టే. అంటే, రెండోసారి.

అతను గురునాథరావు గారి దగ్గరికి వెళ్లాడు.

“సార్, ఈ పది రోజులూ ఆ సోటు నాకు ఇడిసీండి. శిబిరం అయిపోనాక మీ ఇష్టం.”

గురునాథరావు గారికి నిజంగానే జాలేసింది. కానీ మోకాలు గుర్తొచ్చింది.

“ఏటయ్యా దాసూ! నీకు కాలు లేదు, కాబట్టి నొప్పీ లేదు. నా మోకాలు ఎలా పీకేస్తన్నాదో నీకేటి తెలుస్తాది?”

“నిజవే సార్. ఆ మోకాలు నాకిచ్చీండి. పీకితే పీకనీండి, నాను సూసుకుంతాను.”

సెక్షనంతా నవ్వింది. గురునాథరావు గారూ నవ్వారు. స్కూటరు మాత్రం కదల్లేదు.

వాచ్‌మన్ పైడయ్య మాత్రం నవ్వలేదు. “బావా, ఒక్క మాట సెప్పు, నాలుగిటికీ గాలి తీసీత్తాను” అన్నాడు.

“ఒద్దు బావా. గాలి లేకపోతే అయి అక్కడే ఉండిపోతాయి” అన్నాడు జ్ఞానదాసు.

ఇంతలో వికలాంగుల సంవత్సరం ముగింపు సభ వచ్చింది. ముఖ్య అతిథి పసుపు గీతలు చూస్తారట, ఫోటో తీస్తారట. సభ రోజు ఉదయం రేకు కింద అంతా ఖాళీ! పైడయ్య నీళ్లు చల్లి కడిగాడు కూడా. ఆ రోజు రైల్వే గేటు కూడా దయతలిచింది. జ్ఞానదాసు పదింపావుకే వచ్చి, ఏడాదిలో మొదటిసారి ఆ నీడలో బండి ఆపి, కర్రలు అందుకున్నాడు.

“కదలకు!” అని గురునాథరావు గారు పరుగున వచ్చారు. మోకాలు ఆ పూట బాగానే సహకరించింది. “బండి మీదే కూర్చో. ఫోటో!”

“సంతకం ఎట్టేసి వచ్చీత్తాను బాబూ. రెండు నిమిషాలు.”

“సంతకం ఎక్కడికి పోద్దయ్యా, నేనుండగా!”

ముఖ్య అతిథి పది ముప్పై అయిదుకి వచ్చారు. దండ వేయబోతే అది హ్యాండిల్లో చిక్కుకుంది. ఫోటోగ్రాఫరు ఒకసారి కెమెరా మూత తీయడం మరిచాడు. అతిథి శాలువా జారితే సర్ది మళ్లీ తీశారు. మేమంతా చప్పట్లు కొట్టాం. జ్ఞానదాసు మెట్లెక్కి రిజిస్టరు చూసేసరికి అతని గడిలో ఎర్ర సిరా ఇంకా తడి ఆరలేదు.

“ఏటి సార్ ఇది? మీరే కదా ఆపినారు!”

గురునాథరావు గారు మనస్ఫూర్తిగా బాధపడ్డారు. తను కింద ఫోటో దగ్గర ఉండగా తన బదులు గుర్తు పెట్టింది జగ్గారావు. కొట్టేయడానికి రూలు లేదు.

“ఫోటోకి కూర్చున్నాడని ఎక్కడ రాయమంటావు దాసూ? రిజిస్టర్లో ఆ కాలమ్ లేదే!”

జ్ఞానదాసు తన బల్ల దగ్గరికి వెళ్లి, తెల్ల కాగితం తీసి అర్జీ రాసి పట్టుకొచ్చాడు. పసుపు గీతలు, బోర్డు అలాగే ఉంచి, పైనున్న రేకు మాత్రం తీయించవలసిందని ప్రార్థన.

గురునాథరావు గారు రెండుసార్లు చదివారు. “నీడ వద్దంటావా? మతుండే రాసినావా?”

“నీడున్నన్నాళ్లూ నాకు సోటుండదు సార్.”

మా ఆఫీసు చరిత్రలో ఒక ఫైలు రెండే రోజుల్లో కదలడం అదే మొదటిసారి. వికలాంగుడే స్వయంగా కోరుకున్నాక కాదనడానికి మేమెవరం? రేకు ఊడదీశారు. ఆ మర్నాటి నుంచి పసుపు గీతల్లో ఒక్క స్కూటరూ లేదు. మోకాలు, నడుము, బీపీ అన్నీ ఒకేరోజు నయమైపోయాయి.

ఇప్పుడు జ్ఞానదాసు బండి అక్కడే ఉంటుంది. ఎండకి రెగ్జిన్ సీటు మాడిపోకుండా పైడయ్య తడి గోనెసంచి కప్పుతుంటాడు. సంతకం పదిన్నరకే పడుతోంది.

విజయనగరం కూడా వెళ్లాడు, మిగిలిన రెండు సెలవులకీ. కొలత ఇచ్చాడు, బిగించి చూసుకున్నాడు, మూడోరోజు ఆఫీసుకి వచ్చేశాడు. ఆ సాయంత్రం శిబిరం వాళ్లు సర్దుకుని పోయారు. కాలు వాళ్ల లారీ ఎక్కి వెళ్లిపోయింది. మళ్లీ వచ్చే డిసెంబరుకే వస్తారట. ఫోటో మాత్రం చాలా బాగా వచ్చింది. ఆఫీసరు గారి గదిలో ఫ్రేము కట్టించి పెట్టారు.

లాభపడింది మేం అని మొదట్లోనే అన్నాను కదా! ఊడదీసిన రేకుని ప్రభుత్వ సొమ్ము వృథా కాకూడదని కాంపౌండులో అవతలి గోడకి వేయించారు. దాని కింద నాలుగు స్కూటర్లు పడతాయి. ఏ జబ్బూ దొరక్క మొహమాటపడిన నాలుగో ఆయన పేరు ఇందాక దాటేశాను. ఆయన ఇప్పుడు మొహమాటపడటం లేదు. హాయిగా నీడలో బండి పెట్టి, సంతకం చేసి, ఫ్యాను కింద కూర్చుని మీకు ఇది రాస్తున్నాడు.