ఏడో క్లబ్బుకు అందిన ప్రోత్సాహం

ఈ ప్రాంతంలో సేవకు ఏమాత్రం కొరత లేదని ముందుగా సగౌరవంగా ప్రకటించడమైనది. ఇక్కడ ఏడు సేవా క్లబ్బులున్నాయి. ఏడింటికీ ఏడు జెండాలు, ఏడు గంటలు, సభ మొదలైందని బల్ల మీద కొట్టడానికి ఏడు చెక్క సుత్తులు ఉన్నాయి. ఈ ఏడింటినీ నడిపించి, ప్రోత్సహించి, వెన్నుతట్టి, అవసరమైతే వెంటపడి మరీ నివేదికలు రాబట్టడానికి ఒక ప్రాంతీయ అధ్యక్షుడు ఉన్నాడు. ఆయనకు కళ్ళజోళ్ళ దుకాణం ఉంది. ఊళ్ళో సగం మందికి చూపు సరిచేసిన మనిషి కాబట్టి జనం ఆయన్ని అద్దాలాయన అంటారు. ఆయన చూపు సంగతి మాత్రం ఎవరూ ఎప్పుడూ పరీక్షించలేదు.

అద్దాలాయన మంచివాడు. ఈ మాట వ్యంగ్యంగా అనడం లేదు. సాయం అడిగినవాళ్ళను ఆయన ఏనాడూ కాదనలేదు. కాకపోతే ఆ అడిగేదేదో కాగితం మీద, అధ్యక్ష కార్యదర్శుల సంతకాలతో, పదిహేను రోజుల ముందుగా అడగాలి.

దుకాణంలో కళ్ళు పరీక్షించే అక్షరాల పట్టిక పక్కనే ఇంకో పట్టిక వేలాడుతుంటుంది. ఏడు క్లబ్బులకు ఏడు వరసలు, పన్నెండు నెలలకు పన్నెండు గళ్ళు. నెల నివేదిక అందితే ఆ గడిలో ఆకుపచ్చ చుక్క అతికిస్తారు. సంవత్సరం చివర ఏడు వరసలూ పచ్చబడితే పైనున్న క్లబ్బుల గవర్నరుగారు స్వయంగా వచ్చి ప్రాంతీయ అధ్యక్షుడి మెడలో స్వర్ణచక్రం అనే పతకం వేస్తారు. అద్దాలాయన మూడేళ్ళుగా ఆ పతకం కోసం మెడ సిద్ధంగా ఉంచుకున్నాడు. ఆరు వరసలు పైరులా పచ్చగా ఉన్నాయి. ఏడో వరస మాత్రం బోడిగా ఉంది.

ఆ ఆరూ ఎలా పచ్చబడ్డాయో చెప్పకపోతే వాళ్ళ సేవను చిన్నచూపు చూసినట్టవుతుంది. ఒకటో క్లబ్బు బస్టాపులో బల్ల వేయించింది. దాతల పేర్లు చెక్కగా మిగిలిన స్థలంలో ఒకరు కూర్చోవచ్చు. రెండో క్లబ్బు నడక ఆరోగ్యానికి మంచిదని ఊరంతా చాటింది, పద్నాలుగు కార్లలో. మూడో క్లబ్బు ఒకే మంచినీళ్ళ కుళాయిని నలుగురు ముఖ్య అతిథులతో నాలుగుసార్లు ప్రారంభించింది. ఐదోసారి కుళాయి తిప్పితే నీళ్ళు రాలేదు గానీ అప్పటికే ఫోటో పడిపోయింది. మిగిలిన మూడు క్లబ్బులూ పై మూడింటినీ అభినందిస్తూ సభలు జరిపాయి.

ఇన్ని సభల మధ్య అద్దాలాయనకు ఊపిరి సలిపేది కాదు. ఇంట్లో అక్క ఉంది. తల్లి పోయాక ఆయన్ని పెంచి పెద్దచేసిన మనిషి. ఇప్పుడు ఆమె మోకాళ్ళు మొరాయిస్తున్నాయి. ప్రతి మంగళవారం పెద్దాసుపత్రిలో కాళ్ళకు వ్యాయామం చేయించుకోవాలి. ఆయనకేమో మంగళవారం క్లబ్బుల సందర్శన.

"నువ్వు ఊరిని ఉద్ధరించి రా పో," అనేది అక్క. "ఆటో గేటు దాకా తీసుకెళ్తుంది. అక్కణ్ణించి మెడలో టేపు వేసుకుని ఒకాయన ఉంటాడు. కుర్చీలో కూర్చోబెట్టి గది దాకా తోసుకెళ్తాడు. ఎవరి బిడ్డో గాని, చల్లగా ఉండాలి."

అద్దాలాయన ఆ మాట చెవిన వేసుకోలేదు. ఆయన మనసంతా ఏడో వరస మీదే ఉంది.

ఏడో క్లబ్బు నుంచి నివేదికలు రావని కాదు. ముప్పైరెండు ప్రశ్నల ఫారం ప్రతి నెలా ఖాళీగా తిరిగి వచ్చేది. మూలన మాత్రం చిన్న అక్షరాలతో "వెళ్ళాం, తీసుకెళ్ళాం, వచ్చేశాం" అని రాసి ఉండేది. ఇలాంటి నివేదికకు ఏ రంగు చుక్క అతికించాలో నిబంధనల్లో లేదు. ఆ క్లబ్బు పని పడుకుందని, దాన్ని లేపి నిలబెట్టడం తన కర్తవ్యమని ఆయన నిశ్చయించుకుని, తన హోదా పతకాలన్నీ కోటుకు తగిలించుకుని అధికారిక సందర్శనకు బయలుదేరాడు.

సభ ఒక టైలరు కొట్లో జరిగింది. సభ్యులు ఆరుగురు: టైలరు, రిటైరైన నర్సు, బస్సు డ్రైవరు, ఇస్త్రీ చేసే ఆవిడ, గడియారాలు బాగుచేసే ముసలాయన, లెక్కల మాస్టారు. జెండా లేదు. గంట లేదు. రేపు ఎవరెవరు వస్తున్నారో చెప్పుకున్నారు. ఎనిమిది నిమిషాల్లో సభ అయిపోయింది. అద్దాలాయన ముక్కున వేలేసుకున్నాడు.

"మీ అధ్యక్షులు ఎవరండీ?" అని అడిగాడు.

ఆరుగురూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

"పోయినేడు ఎవరో ఉన్నట్టున్నారండీ," అంది నర్సమ్మ. డ్రైవరు వైపు తిరిగి, "నువ్వేనా?" అంది.

"నేను కాదమ్మా. నాకప్పుడు సాయంత్రం డ్యూటీ."

"పోనీ, లబ్ధిదారుల సంఖ్య?"

"లెక్కపెట్టలేదండీ," అన్నాడు లెక్కల మాస్టారు. "చెయ్యి పట్టుకుని నడిపిస్తూ లెక్కెలా పెడతాం?"

విషయం ఇది. పెద్దాసుపత్రిలో నాలుగు భవనాలున్నాయి. నాలుగూ నాలుగు కాలాల్లో కట్టినవి. పన్నెండో నంబరు గది మూడుచోట్ల ఉంది. కొత్తవాళ్ళు ఒక పూట తిరిగితే గాని గమ్యం చేరరు, చేరేసరికి డాక్టరు ఉండడు. అందుకని ఈ ఆరుగురూ రోజూ ఉదయం ఎనిమిది నుంచి పది దాకా గేటు దగ్గర నిలబడి, వచ్చినవాళ్ళను దారి తప్పకుండా తీసుకెళ్ళి దింపుతారు. నడవలేనివాళ్ళను చక్రాల కుర్చీలో తోసుకెళ్తారు. పది కాగానే ఎవరి పనికి వాళ్ళు పోతారు. ఇదే పని తొమ్మిదేళ్ళుగా చేస్తున్నారు. తొమ్మిదేళ్ళలో ఒక్క ఫోటో లేదు.

అద్దాలాయన గుండె కరిగిపోయింది. ఇంత మంచి క్లబ్బు ఇంతకాలం ప్రోత్సాహం లేక ఇలా పడి ఉందని బాధపడ్డాడు. లేచి నిలబడి, కుట్టు మిషను మీద చెయ్యి ఆనించి ప్రసంగించాడు.

"సోదర సోదరీమణులారా, సేవ చెయ్యడం తేలిక. ఎవరైనా చేస్తారు. చేసిన సేవ నలుగురి కంటా పడేలా చెయ్యడమే కష్టం. ఆ కష్టం నుంచి మీరు తొమ్మిదేళ్ళుగా తప్పించుకున్నారు. ఇకమీదట నేను తప్పించుకోనివ్వను."

అన్నమాట నిలబెట్టుకున్నాడు. ఆరుగురికీ ఆరు పదవులు ఇప్పించాడు. టైలరు అధ్యక్షుడు, నర్సమ్మ ఉపాధ్యక్షురాలు, మాస్టారు కార్యదర్శి, మిగిలిన ముగ్గురూ కోశాధికారి, ప్రచార సారథి, సభ్యత్వ వికాస సారథి. క్లబ్బులో అందరూ పెద్దలే అయ్యారు, సభ్యుడనేవాడు ఒక్కడూ మిగల్లేదు. తర్వాత నాయకత్వ శిక్షణ మూడు వారాలపాటు ఇప్పించాడు. శిక్షణ వేళలు ఉదయం ఎనిమిది నుంచి పది.

శిక్షణ ముగిశాక సేవ పద్ధతి ప్రకారం మొదలైంది. జెండా రెండు కొసలూ పట్టుకోవడానికి ఇద్దరు కావాలి. ఫోటో తీయడానికి ఒకరు, లబ్ధిదారుడి చేత మూడు ప్రతుల ఫారం నింపించడానికి ఒకరు, ఫోటో మధ్యలో నిలబడడానికి అధ్యక్షుడు. మిగిలింది నర్సమ్మ. గది ఎక్కడుందో తెలియక వచ్చిన రోగి ఇప్పుడు కలం ఎక్కడుందో కూడా వెతుక్కోవలసి వచ్చేది. నెల తిరిగేసరికి నర్సమ్మను కూడా "చక్రాల కుర్చీ తోయడంలో మెళకువలు" అనే అంశం మీద మాట్లాడడానికి మిగతా ఆరు క్లబ్బులకూ తిప్పారు. గేటు దగ్గర ఎవరూ లేరు గానీ, పాత నెలల ఫారాలు కూడా నింపించేసరికి ఏడో వరస పచ్చబడింది. లబ్ధిదారుల సంఖ్య వేలల్లోకి పోయింది. లెక్కల మాస్టారికి ఇప్పుడు లెక్కపెట్టడానికి బోలెడు తీరిక దొరికింది మరి.

ఆ రోజుల్లోనే అక్క ఒక పూట అంది, "నెల రోజులుగా నా వ్యాయామం తప్పిపోతోందిరా. ఆ టేపాయన తోడు రావట్లేదు. మొన్న కనపడ్డాడు గాని జెండా ముందు ఫోటోకి నిలబడున్నాడు. ఫోటో అయ్యేదాకా కదలకూడదమ్మా అన్నాడు, పాపం. మెట్ల దాకా పోయి తిరిగొచ్చేశాను."

అద్దాలాయన అప్పుడు అద్దం ముందు నిలబడి కృతజ్ఞతా ప్రసంగం సాధన చేస్తున్నాడు. "అలాగే అక్కా," అన్నాడు.

పతక ప్రదానోత్సవం మంగళవారం పది గంటలకు, పెద్దాసుపత్రి సభామందిరంలోనే ఏర్పాటైంది. ఉత్తమ క్లబ్బుగా ఏడో క్లబ్బును సత్కరించి, ఆ వెంటనే అద్దాలాయనకు పతకం వేస్తారు. ఆయన బయలుదేరుతుంటే భార్య గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"వదిన మోకాలు చూడండి, ఎలా వాచిందో. ఈసారి తప్పితే ఇక నడక కష్టమన్నాడు డాక్టరు. ఎలాగూ అక్కడికేగా వెళ్తున్నారు, గదిలో దింపి వెళ్ళండి."

గేటు దగ్గర ఎవరూ లేరు. కిర్రుమంటున్న చక్రాల కుర్చీ ఒకటి గోడ వార ఉంది. అద్దాలాయన అక్కను కూర్చోబెట్టి తోశాడు. ఆయన ఛాతీ మీద "సేవే నా శ్వాస" అని బిళ్ళ ఉండడం చూసి, ఎక్స్‌రే కవరు పట్టుకున్న ఒక తాత, పసిబిడ్డతో ఒక తల్లి ఆయన వెంటపడ్డారు. దారి చెప్పబోయిన అక్కను ఆపి, ఆమె వెళ్ళాల్సిన పన్నెండో గది అనుకుని ఆయన తీసుకెళ్తే అది పళ్ళ డాక్టరుది. ఇంకో పన్నెండో గదికి తీసుకెళ్తే అందులో దుప్పట్లు ఉన్నాయి. మూడు భవనాలు చుట్టి, చెమటలు కక్కుతూ, ఎట్టకేలకు తనకు తెలిసిన ఒకే ఒక్క చోటికి చేరాడు. అది సభామందిరం తలుపు.

లోపల గవర్నరుగారు ప్రసంగిస్తున్నారు. ముందు వరసలో ఆరుగురు పెద్దలూ ఇస్త్రీ బట్టల్లో బిగుసుకుని కూర్చున్నారు.

"అరే, అదిగోరా టేపాయన," అంది అక్క. "ఇక్కడున్నాడేంటి? ఎవరన్నా పట్టుకొచ్చి కూర్చోబెట్టారా?"

పట్టుకొచ్చి కూర్చోబెట్టింది అద్దాలాయనే. ఆయనకు సిగ్గేసింది. అక్క వాచిన మోకాలు, కోటు మీది బిళ్ళ, వేదిక మీద మెరుస్తున్న పతకం అన్నీ ఒకేసారి కనపడ్డాయి. చాలా ఏళ్ళలో ఆయనకు అంత స్పష్టంగా కనపడడం అదే మొదలు.

చక్రం కిర్రుమన్న చప్పుడుకు టైలరు తల తిప్పాడు. తొమ్మిదేళ్ళ అలవాటు, ఎక్కడికి పోతుంది? లేచి వచ్చేశాడు. వెనకే నర్సమ్మ, ఆ వెనకే మిగతా నలుగురూ.

"నాలుగో భవనమేగా అమ్మా," అంటూ కుర్చీ అందుకున్నాడు టైలరు. తల్లీబిడ్డలను నర్సమ్మ తీసుకుంది. మిగతా నలుగురూ గేటు వైపు పరుగెత్తారు. తాత మిగిలాడు.

"సార్, ఈయన్ని మీరు దింపుతారా?" అన్నాడు టైలరు. "నీళ్ళ ట్యాంకు దాటాక కుడివైపు, రెండో తలుపు."

లోపల మైకులో అద్దాలాయన పేరు పిలుస్తున్నారు. ఆయన వేదిక వైపు వీపు తిప్పాడు. "రండి బాబాయ్," అని తాత చెయ్యి పట్టుకున్నాడు.

వేదిక మీద కార్యక్రమం ఆగలేదు. ఇలాంటివి ఆగవు. పతకాన్ని మైకు స్టాండుకు వేసి ఫోటో తీశారు, సభ చప్పట్లు కొట్టింది.

మర్నాడు అద్దాలాయన తన పదవీకాలంలోకెల్లా గొప్ప ప్రోత్సాహాన్ని ఏడో క్లబ్బుకు అందించాడు. అది పూర్తిగా నిష్క్రియమైందని, వెంటనే రద్దు చేయాలని పైకి రాశాడు. ఆ వారమే ఉత్తర్వు వచ్చింది, ఆరుగురూ మళ్ళీ గేటు దగ్గరికి వచ్చేశారు. జెండా కత్తిరించి టైలరు కుర్చీలకు మెత్తలు కుట్టాడు. నిష్క్రియ క్లబ్బును తొలగించి ప్రాంతపు సగటు పెంచినందుకు గవర్నరుగారు అద్దాలాయనను మెచ్చుకుంటూ పతకాన్ని పోస్టులో పంపారు. అక్క దాన్ని మేకుకు తగిలించి, దానికి తన కళ్ళజోడు వేలాడదీసుకుంటోంది. మంగళవారాల్లో ఆమె కుర్చీని తమ్ముడే తోస్తున్నాడు. తిరుగుదారిలో ఇంకో ఇద్దరిని కూడా దింపుతున్నాడు.

సంగతి బయటికి పొక్కాక ఆ గేటు దగ్గర పనిచేస్తామంటూ పదకొండుమంది వచ్చారు. అందరూ మీలాగా, నాలాగా మంచివాళ్ళే. పదకొండుమందీ మొదట ఏ పదవి ఖాళీగా ఉందని అడిగారు. టైలరు మెడలో టేపు సర్దుకుని, "పదవులు లేవండీ. ఆ కుర్చీ వెనకాల ఒక మనిషి కావాలి, పొద్దున ఎనిమిదింటికి," అన్నాడు.

ఆలోచించి చెబుతామని పదకొండుమందీ వెళ్ళిపోయారు. ఇంతకీ మీకు పొద్దున ఎనిమిదింటికి ఏం పని ఉంటుంది?